అమ్మవారు కాదు, నేనే

నాకు మనుషులంటే పెద్ద గౌరవం లేదు. పుస్తకాలు రాసేవాళ్ళంటే బొత్తిగా లేదు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి ఆ జాతి సంగతి నాకు బాగా తెలుసు.

రాజమండ్రిలో మా వీధివాళ్ళు నన్ను మాయల పుస్తకాల మేడమ్ అంటారు. హైస్కూలు, ఇంటరు చదివే పిల్లల కోసం ఒక ఊహాలోకపు నవల రాశాను. ఊళ్ళో సాహిత్య సభలు జరిపే పెద్దమనుషులు దాన్ని చదవకుండానే పెదవి విరిచారు. వాళ్ళ దృష్టిలో సాహిత్యమంటే ఒకరి కవితా సంపుటిని ఇంకొకరు పొగడటం, తర్వాత ఆ ఇంకొకరిది ఇతను పొగడటం, ఆపైన అందరూ కలిసి టిఫిను చేయడం. నన్ను పిలవనందుకు వాళ్ళకు రుణపడి ఉంటాను.

నా కథ లేని నదికి, లేని రాజ్యానికి సంబంధించింది. రేవు దాటించే పిల్ల ఒకతి, నది అడుగున ఆరిపోతున్న దీపాన్ని కాపాడటానికి నీళ్ళలో మునుగుతుంది. దీపం నిలుస్తుంది. కానీ ఆ పిల్ల పైకి తేలేసరికి ఆమె లోపల ఇంకేదో చేరి ఉంటుంది. దానికి నేను పేరు పెట్టలేదు, చీకటి అని ఊరుకున్నాను. మొదటి భాగం అక్కడితో అయిపోయింది. పిల్లలు ఎగబడి చదివారు. విజయవాడలో ఉండే ప్రచురణకర్త రెండో భాగం కోసం ఫోను చేశాడు.

"మేడమ్ గారండీ, రెండో భాగంలో అమ్మాయి ఆ చీకటిని ఎదిరించాలండి. లోపల్నుంచి అది ఎంత పిలిచినా లొంగకూడదండి. చివర్లో గెలవాలి, అందరూ ఆమెని మెచ్చుకోవాలండి."

"ఎందుకండీ ఎదిరించడం?" అన్నాను.

"అదేంటండీ, చీకటి కదండి," అన్నాడు.

అతని ఆలోచన అంతవరకే వెళ్తుంది. ఇంకా తవ్వితే బండ తగులుతుంది. పుస్తకం చదివేది పిల్లలే గానీ కొనేది తల్లిదండ్రులనీ, వాళ్ళకి ఆడపిల్ల లోపల వెలుగు తప్ప ఇంకేం ఉన్నా గిట్టదనీ కాసేపు పాఠం చెప్పి ఫోను పెట్టేశాడు.

నాకు నా నాయిక మీదే చిరాకేసింది. మొదటి భాగంలో ఆ పిల్ల మాట ఒక్కరూ వినరు. రెండో భాగంలో చీకటి ఆమె గొంతులోంచి మాట్లాడటం మొదలుపెట్టగానే రాజ్యమంతా సాష్టాంగపడుతుంది. అంత పనికొచ్చేదాన్ని బుద్ధి ఉన్న ఆడపిల్ల ఎవతైనా వదులుకుంటుందా? అయినా అతను అడిగినట్టే రాసిచ్చాను. చీకటి చెడ్డది, పిల్ల మంచిది, అందుకని ఎదిరించింది. ఇంతే రాశాను.

పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్ళకముందు, నరసాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఒక ఊరి హైస్కూలు నుంచి తెలుగు టీచరు ఫోను చేసింది. స్కూలు వార్షికోత్సవంలో రెండో భాగం నుంచి ఒక ఘట్టం పిల్లల చేత చదివిస్తానంది. ప్రచురణకర్త పబ్లిసిటీ అని పొంగిపోయి, రెండో భాగం రాతప్రతి మొత్తంతో పాటు ముఖచిత్రం పెద్ద పోస్టరు చేయించి పంపాడు. జుట్టు విరబోసుకున్న పిల్ల, నుదుటి మీద ఎర్రటి గుర్తు, చుట్టూ సుడి. ఆ బొమ్మ వేసినవాడు నవల చదవలేదని చూడగానే తెలుస్తుంది. నా నాయిక జడ వేసుకుంటుంది.

కారులో బయలుదేరాను. తణుకు దగ్గర చెరకు లారీల వెనక నత్తనడక నడిచి, పాలకొల్లు దాటాక రొయ్యల చెరువుల మధ్య నుంచి పోయాం. ఒకప్పటి వరిచేలన్నీ చెరువులైపోయాయి. నీళ్ళలో ఏరేటర్ల చక్రాలు నురగలు కక్కుతూ తిరుగుతున్నాయి. ఆ వాసనకు డ్రైవరు అద్దాలు ఎత్తేశాడు.

స్టాఫ్ రూములో టీచరు ఒక పదో తరగతి పిల్లని చూపించింది. సన్నగా, నల్లగా, పెద్ద కళ్ళతో ఉంది. నన్ను చూసి నమస్కారం పెట్టి, చేతిలో కాగితాలు మళ్ళీ చదువుకోవడంలో పడింది. నన్ను పొగడలేదు. అక్కడే ఆ పిల్ల నాకు కాస్త నచ్చింది.

టీచరు నన్ను పక్కకు తీసుకెళ్ళి చెప్పింది. "స్కూలు ఫస్టు అండి. నరసాపురంలో ఇంటరు చదవాలని ప్రాణం పెట్టుకుంది. వాళ్ళ నాన్నేమో పరీక్షలవగానే రొయ్యల షెడ్డుకి పంపేస్తానంటున్నాడండి. తెల్లారకుండానే వ్యాను వచ్చి ఊళ్ళో ఆడపిల్లల్ని ఎక్కించుకుపోద్దండి. వయసు రెండేళ్ళు ఎక్కువ చెప్తారు, పొద్దుగూకులూ రొయ్యలు ఒలుస్తారు."

"ఆ పిల్ల వాళ్ళ నాన్నని అడగలేదా?"

"అడగడమా? అడిగినప్పుడల్లా 'అన్నం పెట్టు' అంటాడంటండి. ఇంకో మాట ఉండదు. మీరైనా ఓ మాట చెప్పండి, పెద్దవారు."

నేను ఎవరికీ హితబోధ చేయను. కానీ ఆ మనిషి అప్పటికే వరండాలో నిలబడి ఉన్నాడు. సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే మనిషి, ఎండకు కమిలిన మొహం, ఉతికిన చొక్కా. నేను చెప్పినంతసేపూ చేతులు కట్టుకుని విన్నాడు.

"ఆయ్. అలాగేనండి. మీరు చెప్పాక కాదంటామా అండి. ఆయ్," అన్నాడు.

మా రెండు గోదావరి జిల్లాల్లోనూ ఇదే తంతు. కాదు అనే మాట ఎవరి నోటా రాదు. ఆయ్ అంటారు, అండి అంటారు, గుమ్మం దాకా సాగనంపుతారు, అవతల తాము అనుకున్నదే చేస్తారు. ఆ మర్యాద చూసి బయటివాళ్ళు మురిసిపోతారు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను కాబట్టి ఆ ఆయ్ వినగానే పని కాదని తెలిసిపోయింది.

సాయంత్రం సభ మొదలైంది. ముఖ్య అతిథి చెరువుల ఆసామి. ఆడపిల్ల ఇంటికి దీపమనీ, చదువు ఆ దీపానికి నూనె అనీ చాలాసేపు ఊదరగొట్టాడు. రొయ్యల షెడ్డు ఆయనదేనని పక్క కుర్చీలో హెడ్‌మాస్టరు నా చెవిలో గొప్పగా చెప్పాడు. ప్రసంగం అయ్యాక అందరికన్నా ముందు చప్పట్లు కొట్టిందీ ఆ హెడ్‌మాస్టరే.

తర్వాత నా నవల. ఇక్కడ తెలుగు టీచరు చేసిన నిర్వాకం చెప్పాలి. ముఖచిత్రంలో ఉన్నట్టే ఉండాలని పిల్లకి జుట్టు విరబోయించింది, ఎర్రచీర కట్టించింది, నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. పట్నంలో లాగా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఉండాలని డప్పులవాళ్ళను పిలిపించింది. ఏటా అమ్మవారి జాతరలో గరగలు, అంటే అమ్మవారి కలశాలు, నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆడేటప్పుడు కొట్టేది ఆ డప్పులవాళ్ళే. వాళ్ళకు తెలిసింది ఆ ఒక్క వాయిద్యమే. ఇవన్నీ ఒకచోట చేరిస్తే ఆ ఊరి కళ్ళకి ఏం కనబడుతుందో, ఆ ఊళ్ళోనే కాపురముంటున్న టీచరుకి తట్టలేదు. ఎమ్మే చదివింది మరి.

పిల్ల మైకు ముందు నిలబడింది. డప్పు మొదలైంది. చీకటి తొలిసారి నాయిక నోటితో మాట్లాడే ఘట్టం చదవసాగింది.

"ఇన్నాళ్ళూ నన్ను లోపల పెట్టి మూసేశారు. నేనున్నానని మరిచిపోయారు. నాకు ఆకలిగా ఉంది. ఏం పెడతారు? నా గుమ్మం ముందుకొచ్చి నన్ను అడిగినవాడు ఒక్కడు లేడు."

నెలల తరబడి చెక్కిన వాక్యాలు అవి. నా అంతట నేను కల్పించానని మురిసిపోయాను. స్టేజీ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వింటుంటే అప్పుడు అర్థమైంది. నా చిన్నప్పుడు మా ఊరి జాతరలో అమ్మవారు ఒకావిడ మీదికి వచ్చి అడిగిన మాటలే అవన్నీ. ఆ ఊళ్ళో ప్రతి ముసలమ్మకీ అవి కంఠతా వచ్చు.

డప్పులవాళ్ళకి ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. పూనకం దరువు అందుకున్నారు. ముందు వరసలో పిల్ల నాయనమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

"ఏం కావాలి తల్లీ? పోతు కావాలా? గరగ ఎత్తించాలా? అడుగు తల్లీ."

ఆడవాళ్ళు లేచారు. స్కూలు పక్క ఇంట్లోంచి బిందెతో పసుపునీళ్ళు వచ్చాయి, వేపమండలు వచ్చాయి. పిల్ల కాళ్ళ మీద నీళ్ళు కుమ్మరించారు. మైకు వైరు తడిసిపోతుందని ఆపరేటరు ఒక్కడు గిలగిలలాడాడు. దీపం గురించి దంచిన ఆసామి బూట్లు విప్పేసి, సాక్సులతోనే ఆ తడిలోకి వచ్చి, "చెరువులకి తెల్లమచ్చ రాకుండా చూడు తల్లీ," అని మొక్కాడు. రొయ్యల జబ్బు ఆయన అసలు భయం. హెడ్‌మాస్టరు ఆయన బూట్లు తీసి పక్కన పెట్టాడు.

అప్పుడు తండ్రి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. స్టేజీ ముందు ఆ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, తల ఎత్తి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ అడిగాడు.

"నా వల్ల ఏం తప్పు జరిగింది తల్లీ? ఏం చెయ్యమంటావో చెప్పు. నీ మాట దాటను."

డప్పు ఆగింది. ఆ పిల్ల ఇన్నాళ్ళూ ఎదురు చూసిన మనిషి ఎదురుగా కూర్చుని ఏమడిగినా ఇస్తానంటున్నాడు. కాలేజీ అని ఒక్కమాట ఆ గొంతుతోనే అంటే చాలు. అను, మొద్దూ, అను అని నేను లోపల తిట్టుకుంటున్నాను. జీవితంలో దేనికోసమూ నేను అంతగా ఆశపడలేదు.

పిల్ల కాగితాలు మడిచి చంకలో పెట్టుకుంది. కొంగుతో బొట్టు తుడుచుకుంది. విరబోసిన జుట్టు రెండు చేతులతో వెనక్కి లాగి గట్టిగా ముడి వేసుకుంది. మళ్ళీ మైకు దగ్గరికి వంగి, మామూలు గొంతుతో మాట్లాడింది.

"అమ్మోరు కాదు నాన్నా, నేనే. ఇది కథ. నాకు కాలేజీకి ఎల్లాలని ఉంది. నేనే అడుగుతున్నాను."

తండ్రి మొహంలో ఏడుపు ఆగిపోయింది. లేచి నిలబడ్డాడు. మోకాళ్ళకి అంటిన బురద దులుపుకున్నాడు. చుట్టూ ఉన్న జనం వంక చూసి, పిల్లతో అన్నాడు.

"ఇంటికి రా. అన్నం పెట్టు."

మగవాళ్ళలో నేను చాలామంది చవటలను చూశాను. కూతురి ఒంట్లో దేవత ఉందంటే ప్రాణం ఇచ్చే మనిషి, అదే ఒంట్లో కూతురు ఉందని తెలియగానే ఆకలి గుర్తుకొచ్చి లేచి వెళ్ళిపోవడం మాత్రం అంతకుముందు చూడలేదు. ఆ జనంలో ఒక్కరికీ అది వింతగా అనిపించలేదు. వాళ్ళు వింతగా చూసింది పిల్ల వంక. ఇంత కోపం నాకు మునుపెప్పుడూ రాలేదు. ఆ కోపంలో కొంత పిల్ల మీద కూడా ఉంది.

స్టాఫ్ రూములో ఆ పిల్ల చీర పిండుకుంటూ కనబడింది. పట్టుకుని దులిపేశాను.

"నీకు బుద్ధుందా? నోటి దగ్గరికి వచ్చినదాన్ని కాలదన్నుకున్నావు. ఒక్కమాట అంటే నీ చదువు ఖాయమయ్యేది."

"ఫస్టియర్ ఖాయమయ్యేదండి," అంది నెమ్మదిగా. "సెకండియర్‌కి మళ్ళీ అమ్మోరు రావాలి కదండి. డిగ్రీకి మళ్ళీ రావాలి. పెళ్ళి వద్దంటే మళ్ళీ రావాలి. ఎన్నిసార్లని పూనాలండి?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ పిల్లే మళ్ళీ అంది. "నాన్న అలా కూచున్నాడు కదండి, నా మొకంలోకే చూస్తన్నాడు గానీ నన్ను చూట్టంలేదండి. భయమేసింది. ఇంక ఎప్పటికీ చూడడేమోనని."

చీర కొంగు పిండి, విదిల్చి, కాగితాలు నా చేతికిచ్చింది. "ఏవనుకోకండి. మీ పుస్తకం మొత్తం చదివానండి, అందులో పిల్ల ఎందుకు ఎదిరించిందో సరిగ్గా లేదండి. చీకటి చెడ్డది, అందుకని ఎదిరించింది అని రాశారు. అది చెడ్డదేం కాదండి. అది మాట్లాడితే ఈ పిల్ల మాట్లాడినట్టు కాదు కదండి. అందుకండి."

నా రాతను ఇంతకాలం ఎంతోమంది మెచ్చుకున్నారు, కొంతమంది తిట్టారు. వాళ్ళెవరూ చదవలేదని ఆరోజు తెలిసింది. ఆ మాట నాకు రుచించలేదు, ఆ పిల్ల మాత్రం చాలా నచ్చింది. రాజమండ్రి వచ్చి నా ఇంట్లో ఉండి చదువుకోమన్నాను. అక్కర్లేదండి, నాన్నే పంపాలి అంది.

బయటికి వస్తుంటే గేటు దగ్గర నాయనమ్మ పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

"చూశారాండి మా తల్లి మహిమ? మా ఇంటికే వచ్చిందండి."

"మీ మనవరాలు కాదని చెప్పింది కదమ్మా, మైకులో."

"ఆయ్. మా అత్తకి వచ్చినప్పుడూ అంతేనండి. దిగిపోయాక నాకేం తెలీదు, నేనేం అన్లేదు అనేది. వచ్చినోళ్ళెవరైనా వచ్చిందని చెప్తారాండి? రాలేదందంటే వచ్చినట్టేనండి. జుట్టు ముడేసుకుంది చూశారా, శాంతించింది."

అమ్మవారు కాదనీ, ఆ మాటలు నేను రాసినవనీ, కాగితాలు చూపించి మరీ చెప్పాను. ముసలావిడ శ్రద్ధగా విని ఆయ్ అంది. కాగితాలను కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చింది.

పుస్తకం వచ్చింది. నాయిక ఎదిరించింది, గెలిచింది, రాజ్యమంతా చప్పట్లు కొట్టింది. మా అమ్మాయికి ఎంతో స్ఫూర్తినిచ్చిందండీ అని తల్లులు మెసేజీలు పెట్టారు. మీ అమ్మాయి ఏదైనా అడిగిందా, మీరు విన్నారా అని ఒకావిడకి జవాబు రాశాను. మళ్ళీ పలకలేదు. ప్రచురణకర్త ఫోనులో పొంగిపోతూ, "చూశారాండి, చీకటిని వదులుకున్నాక ఎంత గౌరవమో," అన్నాడు. అతనితో వాదించే ఓపిక నాకు లేదు.

కాలేజీలు తెరిచాక టీచరు ఫోను చేసింది. పిల్ల ఇంటరులో చేరిందట. తండ్రే దగ్గరుండి నరసాపురం తీసుకెళ్ళి చేర్పించాడట. నాయనమ్మ మాట ఊరంతా పాకిందట. ఆ రోజు కాలేజీ కావాలని అడిగింది అమ్మవారేనని, అడిగాక నాలుక మడతేసి పిల్ల చేత కాదనిపించిందని తేల్చారట. అమ్మవారు చదువుకోవాలనుకుంటోంది, మనమెవరం ఆపడానికి అని తండ్రి అన్నాడట. ఫోను పట్టుకుని పగలబడి నవ్వాను. ఏదయితేనేం, షెడ్డు తప్పింది, కాలేజీ దక్కింది అన్నాను. టీచరు కూడా అదే అంది.

ఆ మధ్య నరసాపురం కాలేజీలో నా పుస్తకం గురించి మాట్లాడమంటే వెళ్ళాను. వేదిక మీద యథాప్రకారం దీపాలూ నూనెలూ అయ్యాక, బస్టాండులో ఆ పిల్ల కనబడింది. భుజాన సంచీ, చేతిలో పుస్తకాలు. రొయ్యలు ఒలిచి వేళ్ళు పాచిపోలేదు, నున్నగా ఉన్నాయి. పాదాలకి మాత్రం పసుపు, దాని మీద కుంకుమ, అది చెప్పు పట్టీ కింద చెమటకి కారి ఉంది.

"ఇదేంటే?" అన్నాను.

"పొద్దున్నే బస్సెక్కేముందు రాస్తారండి. కొబ్బరికాయ కొడతారు. ఊళ్ళోవాళ్ళు కూడా వస్తన్నారు, పడవెప్పుడు తియ్యాలో అడగడానికి. జాతరకి నన్ను ముందర నిలబెడతారంటండి."

"నువ్వు చెప్పలేదా?"

"రోజూ చెప్తన్నానండి. నేనే నాన్నా అంటాను. దణ్ణం పెడతాడు."

బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు తోసుకుంటున్నారు. ఆ పిల్ల కదల్లేదు. షెడ్డు తప్పింది కదా, అనుకున్నది దక్కింది కదా అన్నాను.

"దక్కిందండి," అంది. "ఇప్పుడు అన్నం పెట్టమని కూడా అడగడండి. ఆయనే వడ్డించి, తినేదాకా చేతులు కట్టుకుని నిలబడతాడు. నాన్న నాతో మాట్లాడ్డం మానేశాడండి. అమ్మోరితో మాత్రం రోజూ మాట్లాడతన్నాడు."